ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం

తెలుగు ఊళ్ళలో స్వచ్ఛందంగా నడిచే గ్రంథాలయాలకూ, వాటిని జీతం లేకుండా నడిపే కార్యకర్తలకూ అండగా ఉండడానికి 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఏర్పడిన సంస్థ. తొలి రోజుల రాతల్లో దీని పేరు ‘ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం’ అనీ, మరికొన్ని దగ్గరి రూపాల్లోనూ కనిపిస్తుంది. తర్వాతి కాలంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘంగా స్థిరపడి, 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం అయింది. గ్రంథాలయోద్యమ చరిత్రల్లో ఎక్కువ భాగం, సంఘ స్థాపనకు చొరవ తీసుకున్న అయ్యంకి వెంకటరమణయ్య జీవిత కథగానే సాగుతాయి. ఆయన కృషి అంతటిదే అయినా, సంఘం పనితీరును విడిగా చూడవలసిన అవసరం ఉంది. పుస్తకాల గది తెరిచినవాళ్ళు తెలుగుదేశంలో ఎందరో ఉన్నారు. తెరిచినవాటిని మూతపడకుండా చూడడమే పనిగా పెట్టుకున్నది ఈ సంఘం.

పూర్వరంగం

ఆధునిక అర్థంలో తెలుగువారి మొదటి ప్రజా గ్రంథాలయం ఏదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1886లో విశాఖపట్నంలో మంతిన ఆదినారాయణమూర్తి నెలకొల్పిన గ్రంథాలయాన్ని ఎక్కువమంది ముందు చెబుతారు. రాజమండ్రిలో నాళం కృష్ణారావు బాల్యంలోనే మిత్రులతో కలిసి పుస్తకాలు పోగుచేసి మొదలుపెట్టిన గ్రంథాలయానికి 1898 నాటి చరిత్ర ఉందని చెబుతారు. నేటి గౌతమీ గ్రంథాలయం మాత్రం వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం 1920లో ఒకటిగా కలిసిన తర్వాతి రూపం. అందుకే గౌతమికి ఒక్కో పుస్తకంలో ఒక్కో పుట్టిన తేదీ కనిపిస్తుంది. రెండూ తప్పు కావు. ఒకటి మొలక సంగతి, రెండోది సంస్థ సంగతి.

నిజాం రాజ్యంలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. దాని వెనుక ఉన్నవారిలో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ముఖ్యులు. తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకున్నది కూడా కొమర్రాజు వారే. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి.

కోస్తా జిల్లాల్లో వందేమాతరం రోజులు, ముఖ్యంగా 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన, యువకులను కదిలించాయి. అయ్యంకి (1890–1979) ఆ గాలిలో పెరిగినవాడే. మచిలీపట్నం నుంచి 1910లో ‘ఆంధ్రభారతి’ మాసపత్రిక వెలువరించిన అనుభవం ఆయనకు ఉంది. ఆ కాలపు ఊరి గ్రంథాలయం సాధారణంగా ఒకరిద్దరి ఉత్సాహం మీద నిలిచేది. బడిపంతులో, ప్లీడరు గుమాస్తానో, కలిగిన రైతు కొడుకో సాయంత్రం వచ్చి తలుపు తీసి, దీపం వెలిగించి, పత్రిక చదవలేనివారికి బిగ్గరగా చదివి వినిపించి, పుస్తకం పట్టుకెళ్ళినవారి పేరు చిట్టాలో రాసుకునేవాడు. ఆయనకు బదిలీ అయితేనో, చందాలు ఆగితేనో, పార్టీలు పుట్టి ఊరు రెండుగా చీలితేనో తలుపుకు తాళం పడేది. పుస్తకాల కొరత కన్నా ఈ ఒంటరితనమే గ్రంథాలయాలను ఎక్కువగా దెబ్బతీసిందని చెప్పవచ్చు.

1914 మహాసభ

అయ్యంకి చొరవతో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో జరిగిన గ్రంథ భాండాగార ప్రతినిధుల మహాసభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. సభకు వచ్చినవారు ఊళ్ళలో గ్రంథాలయాలు నడుపుతున్న మనుషులు. ఈ ఉద్యమానికి ఒక ప్రత్యేకత ఇక్కడే పడింది. పైనుంచి పథకం దిగిరాలేదు. అప్పటికే నడుస్తున్న సంస్థలు తమకొక ఉమ్మడి వేదికను కట్టుకున్నాయి.

దేశంలో ఇదే మొదటి గ్రంథాలయ సంఘం అన్న మాట తెలుగు రచనల్లో తరచు కనిపిస్తుంది. ఒక ప్రాంతం మొత్తానికీ ప్రాతినిధ్యం వహించే గ్రంథాలయ సంఘాల్లో మొదటిది అంటే ఆ మాట నిలుస్తుంది. మహారాష్ట్ర సంఘం 1921లో, వంగ సంఘం 1925లో, మద్రాసు గ్రంథాలయ సంఘం 1928లో వచ్చాయి. కానీ గ్రంథాలయోద్యమమే ఇక్కడ పుట్టిందనడం బరోడాకు అన్యాయం చేయడమే. మూడవ శాయాజీరావు గాయక్వాడ్ 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికన్‌ను రప్పించి సంస్థానమంతటా గ్రంథాలయ వ్యవస్థ వేయించాడు. అక్కడ ఊరివాళ్ళు కొంత చందా పోగుచేస్తే పంచాయతీ అంత, సర్కారు అంత కలిపేవి. బరోడాలో రాజుగారి ఖజానా ఉంది. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల్లో అలాంటి ఆసరా లేదు. బ్రిటిష్ ప్రభుత్వం ఈ పనిని అనుమానంగానే చూసింది. ఆ లోటును పూడ్చే బాధ్యత సంఘం మీద పడింది.

పని చేసిన తీరు

సంఘం చేతిలో డబ్బు పెద్దగా లేదు. చేయగలిగిందల్లా తెలిసినదాన్ని పంచడం, తిరగడం, శిక్షణ ఇవ్వడం.

తెలిసినదాన్ని పంచడానికి ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక సాధనమైంది. అయ్యంకి, సూరి వెంకట నరసింహశాస్త్రి దీన్ని నడిపారు. ఆరంభ సంవత్సరాన్ని కొందరు 1915 అనీ, కొందరు 1916 అనీ రాస్తారు. 1915 అన్నదే ఎక్కువ రచనల్లో ఉంది. భారతదేశంలో ఇదే మొదటి గ్రంథాలయ పత్రిక అన్న వాదాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. బరోడా నుంచి 1912లోనే ‘లైబ్రరీ మిసిలనీ’ ఇంగ్లీషు, గుజరాతీ, మరాఠీలలో వెలువడింది. తెలుగులో మొదటిది ‘సర్వస్వం’ అన్నదానికి మాత్రం పోటీ లేదు. ఈ పత్రిక విలువను దాని ప్రాథమ్యంతో కొలవడం సరికాదు. మారుమూల ఊళ్ళో పాతిక పుస్తకాలతో కూర్చున్న కార్యకర్తకు, తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని, వాళ్ళు చందా ఎలా రాబడుతున్నారో, పుస్తకాలు ఎలా వర్గీకరిస్తున్నారో ఎప్పటికప్పుడు తెలియడం చిన్న సంగతి కాదు. అయ్యంకి 1924లో ‘ఇండియన్ లైబ్రరీ జర్నల్’ను ఇంగ్లీషులో తెచ్చారు. దాని పాఠకులు వేరు.

తిరగడం అంటే గ్రంథాలయ యాత్రలు. కార్యకర్తలు బృందాలుగా ఊరినుంచి ఊరికి వెళ్ళి సభలు పెట్టి, ఉన్న గ్రంథాలయాన్ని చూసి, లేనిచోట పెట్టమని ఒప్పించి, పుస్తకాలు అడిగి తెచ్చేవారు. తీర్థయాత్ర నడకలో సాగిన ఈ పద్ధతి తెలుగువారి గ్రంథాలయోద్యమానికి గుర్తుగా నిలిచిపోయింది. కొత్తగా కార్యకర్తలను చేర్చుకోవడానికి సంఘానికి ఇంతకన్నా మంచి దారి దొరకలేదు. ఒక ఊళ్ళో సభ విన్న కుర్రాడు పక్క ఊరి దాకా బృందంతో నడిచేవాడు.

మూడోది శిక్షణ. 1920లో బెజవాడలో సంఘం గ్రంథాలయ కార్యకర్తలకు తరగతులు నడిపింది. జీతం లేని మనిషికి శిక్షణ ఎందుకన్న ప్రశ్న ఆనాటికే కాదు, నేటికీ ఉంది. పుస్తకాల జాబితా రాయడం, ఇచ్చిపుచ్చుకోలు లెక్క పెట్టడం, చెదలు పట్టకుండా చూడడం తెలియక ఉత్సాహం ఏడాదిలో చల్లారిపోయిన గ్రంథాలయాలను చూసినవాళ్ళే ఈ తరగతులకు పూనుకున్నారు. బరోడాలోనూ, లాహోరులోనూ ముందే శిక్షణ మొదలైంది. అది ఉద్యోగులకో, ఉద్యోగం కోరేవారికో ఇచ్చినది. ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తల కోసం పెట్టినవి కావడం బెజవాడ తరగతుల విశేషం.

1919 మద్రాసు సభ, ఒక తేదీ చిక్కు

సంఘం చొరవతో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ మద్రాసు గోఖలే హాలులో నవంబరు 14న జరిగింది. బరోడా గ్రంథాలయ శాఖ అధికారి జె. ఎస్. కుడాల్కర్ అధ్యక్షుడు. నేడు నవంబరు 14 నుంచి 20 దాకా జరిపే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలకు మూలం ఆ రోజే. నెహ్రూ పుట్టినరోజు వల్ల ఆ తేదీ ఎంచుకున్నారని చాలామంది అనుకుంటారు. వారోత్సవాలను ఆ తేదీల్లో జరపాలని భారత గ్రంథాలయ సంఘం 1968లో నిర్ణయించినప్పుడు చూపిన ఆధారం మద్రాసు సభ.

అయితే ఆ సభ జరిగిన సంవత్సరాన్ని పలు కరపత్రాలు, ప్రభుత్వ ప్రకటనలు సైతం 1912గా అచ్చువేస్తున్నాయి. 1914లో పుట్టిన సంఘం 1912లో అఖిల భారత సభను పిలిచి ఉండడం కుదరదు కనుక 1919 అన్నదే సరైనదిగా తోస్తుంది. ‘9’ని ‘2’గా చదివిన అచ్చుపొరపాటు ఒకరినుంచి ఒకరికి పాకి ఉండవచ్చు.

కాలువ మీద పుస్తకాలు

పాతూరి నాగభూషణం (1907–1987) సంఘంలో రెండో తరం మనిషి. గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గరి పెదపాలెం ఆయన ఊరు. అక్కడి బాలసరస్వతీ భాండాగారం ఆయన కార్యక్షేత్రం. ఆయన చొరవతో 1935 అక్టోబరులో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం ప్రారంభమైంది. ఆ కాలంలో డెల్టాలో మనుషులూ ధాన్యమూ పడవల మీదే పోయేవి. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నడక వేగంతో సాగేది. లాకుల దగ్గర నీరు సమం అయ్యేదాకా ఆగేది. అంత తీరుబడి ఉన్న ప్రయాణికుడి చేతిలో పుస్తకం పెట్టడం, కాలువ గట్టు ఊళ్ళకు పుస్తకాలు మార్చి ఇవ్వడం ఒకే పడవతో జరిగాయి. రోడ్డు మీద నడిచే సంచార గ్రంథాలయాలకు దేశంలో వేరే ఉదాహరణలు ఉన్నాయి. ఉన్న రవాణానే గ్రంథాలయం చేసుకున్న ఈ ప్రయోగం మాత్రం డెల్టా నేలకే చెల్లింది. కొత్త బండి కొనే స్తోమత లేని సంస్థ చేయగలిగిన అత్యుత్తమమైన పని ఇది.

1930ల నుంచి సంఘానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883–1960) నాయకత్వం లభించింది. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్ళిన మనిషి ఆయన. వయోజన విద్యను గ్రంథాలయ కార్యక్రమంలో భాగం చేసింది ప్రధానంగా ఆయనే. చదవడం రానివారున్న ఊళ్ళో పుస్తకాల గది ఎవరికోసం అన్న ప్రశ్నను ఆయన వదలలేదు. సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహాల కాలంలో కార్యకర్తలు జైళ్ళ పాలు కావడంతో పలు గ్రంథాలయాలు దెబ్బతిన్నాయని చెబుతారు. పనిచేసేవారు, సత్యాగ్రహం చేసేవారు చాలావరకు ఒకరే కావడం దీనికి కారణం.

నిజాం ప్రాంతం

హైదరాబాదు సంస్థానంలో ఉద్యమం వేరే దారిన నడిచింది. బహిరంగ సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ఆంక్షల మధ్య రాజకీయ సభ పెట్టడం కష్టం. గ్రంథాలయ సభ కొంత తేలిక. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయ స్థాపనను తన ముఖ్య కార్యక్రమాల్లో చేర్చుకుంది. మాడపాటి హనుమంతరావు దీనికి ఆయువుపట్టు. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి ఊళ్ళలో పనిచేసే మనుషులు అప్పటికే తయారై ఉన్నారు. వాళ్ళలో చాలామంది గ్రంథాలయాల్లోంచి వచ్చినవారే. బెజవాడ సంఘానికి వీరితో స్నేహ సంబంధాలు ఉన్నా, ఇక్కడి ఉద్యమాన్ని దాని శాఖగా చూపడం తగదు.

చట్టం తర్వాత

ప్రభుత్వం బాధ్యత తీసుకోవాలని సంఘం మొదటినుంచీ కోరింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇదే మొదటి గ్రంథాలయ చట్టం. సంస్థానాల కాలంలో కొల్హాపూర్ చట్టం (1945) ఉంది. 1955లో హైదరాబాదు చట్టం, రెండింటినీ కలుపుతూ 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను దీని పునాదులు.

సంఘం కోరిక నెరవేరింది. దాంతో సంఘం స్వభావమూ మారిపోయింది. ఊరి గ్రంథాలయాలు అనేకం జిల్లా సంస్థల శాఖలయ్యాయి. గౌతమి 1979లో ప్రభుత్వ పరమైంది. తలుపు తీసే మనిషికి జీతం వచ్చింది. పుస్తకాల కొనుగోలుకు పద్ధతి ఏర్పడింది. అదే సమయంలో గ్రంథాలయం మాది అనుకునే ఊరివాళ్ళకు అందులో చేయడానికి పని తగ్గింది. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును గ్రంథాలయాలకు సకాలంలో జమ చేయకపోవడం మీద దశాబ్దాలుగా ఫిర్యాదులు ఉన్నాయి. అలా నిధులు ఆగినచోట ఆదుకునే పాత చందాదార్ల బలగం అప్పటికే చెదిరిపోయింది. చట్టంలో ప్రైవేటు గ్రంథాలయాలకు సహాయ నిధికి వీలున్నా, కార్యకర్తలను తయారుచేసే పనికి అలాంటి ఏర్పాటు లేకపోవడం పెద్ద లోపం.

విడిగా నిలిచినవాటిలో వేటపాలెం సారస్వత నికేతనం చెప్పుకోదగ్గది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి ప్రభృతుల పూనికతో మొదలై, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన జరుపుకుంది. పాత తెలుగు పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఇక్కడికి వస్తారు. సంఘం విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనం కేంద్రంగా పని కొనసాగించింది. పాతూరి చివరి దశాబ్దాలు దానికే అంకితమయ్యాయి. అక్కడ గ్రంథాలయ శాస్త్ర శిక్షణ, సర్వోత్తమ గ్రంథాలయం, ‘గ్రంథాలయ సర్వస్వం’ పునఃప్రచురణ సాగాయి. అయ్యంకికి 1972లో పద్మశ్రీ లభించింది.