తుపాకి తూటాకు వాహనం పేలుతుందా? తెర మీది దృశ్యం, చరిత్రలోని సాక్ష్యం

తెలుగు సినిమాలో కథానాయకుడు తుపాకి ఎక్కుపెట్టి ఒక్క తూటా పేలుస్తాడు. ఎదురుగా వస్తున్న సుమో గాల్లోకి లేచి నిప్పుల ముద్ద అవుతుంది. ఈ దృశ్యాన్ని మనం ఎన్నిసార్లు చూశామంటే, అది నిజంగా జరిగేదేనా అన్న సందేహం కూడా రాదు. చరిత్ర విద్యార్థికి మాత్రం ఆ సందేహం రావాలి. తూటాతో వాహనాన్ని పేల్చాలన్న ప్రయత్నం వాస్తవంగానే జరిగింది. అది ఒక అంతర్జాతీయ ప్రకటనకు కూడా దారితీసింది.

1863లో రష్యా సైనికాధికారులు ఒక కొత్త తూటాను రూపొందించారు. గట్టి వస్తువుకు తగలగానే అది పేలుతుంది. దాని ముఖ్యోద్దేశం శత్రువుల మందుగుండు బండ్లను పేల్చివేయడం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ బండ్ల నిండా ఉన్నది తుపాకి మందు. నిప్పురవ్వ పడితే అంటుకొనే సరుకు అది. అలాంటి బండిని పేల్చడానికి కూడా మామూలు సీసపు గుండు చాలదనే ఆనాటి సైనికులు భావించారు. 1867లో ఆ తూటాను మార్చి, మెత్తని వస్తువుకు, అంటే మనిషి శరీరానికి తగిలినా పేలేటట్లు చేశారు. అది అమానుషమని రష్యా ప్రభుత్వమే గుర్తించింది. తాను వాడకూడదు, ఇతరులూ వాడకూడదు అన్న ఉద్దేశంతో వివిధ రాజ్యాలను సమావేశపరిచింది. 1868 డిసెంబరులో వెలువడిన సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన 400 గ్రాముల కంటె తక్కువ బరువుండి, పేలే లేదా నిప్పంటించే గుండ్లను యుద్ధంలో నిషేధించింది.

అర్ధ శతాబ్దం తరువాత ఈ నిషేధం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 జనవరి నుంచి, జర్మనీ గాలి నౌకలు ఇంగ్లండుపై బాంబులు వేయసాగాయి. వాటిలో జెప్పెలిన్‌లు ప్రసిద్ధమైనవి. ఒక్కొక్క నౌకలో లక్షల ఘనపుటడుగుల హైడ్రోజన్ వాయువు ఉండేది. హైడ్రోజన్ ఎంత సులభంగా మండుతుందో పాఠశాల ప్రయోగశాలలో మనమందరం చూసినదే. కాబట్టి బ్రిటిష్ వైమానికులు ఒక తూటా తగిలితే చాలుననుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని వందలకొద్దీ తూటాలు నౌకలోకి దూసుకుపోయినా ఏమీ కాలేదు.

కారణం సులభమే. మండడానికి ఇంధనం ఒక్కటే చాలదు, గాలి కలవాలి, నిప్పు తగలాలి. సంచిలోని హైడ్రోజన్‌కు లోపల ఆక్సిజన్ అందదు. సీసపు తూటా నిప్పు కాదు, అది చేసే రంధ్రం చాలా చిన్నది. వాయువు మెల్లగా కారిపోవడం తప్ప మరేమీ జరగదు. 1915 జూన్‌లో బెల్జియం మీద ఒక జెప్పెలిన్‌ను కూల్చిన వార్న్‌ఫర్డ్ కూడా తుపాకితో కాదు, పైకి ఎగిరి బాంబులు జారవిడిచి దానిని కూల్చాడు.

చివరకు బ్రిటన్ మూడు రకాల తూటాలను సిద్ధం చేసింది. న్యూజిలాండ్ వాసి పొమెరాయ్ రూపొందించిన పేలుడు తూటా ఒకటి. బాణసంచా తయారుచేసే కుటుంబంలో పుట్టిన బ్రాక్ తూటా రెండవది. భాస్వరం నింపిన బకింగ్‌హామ్ తూటా మూడవది. ఇవన్నీ 1868 ప్రకటన వద్దన్న కోవకు చెందినవే! అందుకే యుద్ధరంగంలో వీటిని తీసుకువెళ్లే వైమానికులు, బెలూన్లపై వాడడానికే అన్న లిఖితపూర్వక ఆదేశాన్ని వెంట ఉంచుకొనేవారు.

1916 సెప్టెంబరు 2-3 రాత్రి లీఫ్ రాబిన్సన్ అనే యువ వైమానికుడు లండన్ ఉత్తర ప్రాంతంలో ఎస్‌ఎల్ 11 అనే నౌకను వెంటాడాడు. (ఇతడు పుట్టింది మన పొరుగునే, కొడగులోని కాఫీ తోటలో.) బ్రాక్, పొమెరాయ్ తూటాలు నింపిన ఒక డ్రమ్మును నౌక పొడవునా కాల్చాడు. ఫలితం లేదు. రెండవ డ్రమ్ము కూడా వృథా అయింది. మూడవ డ్రమ్మును నౌక వెనుక భాగంలో ఒకేచోట గురిపెట్టి కాల్చాడు. అప్పుడు గాని మంట లేవలేదు. నౌక కఫ్లీ గ్రామం వద్ద కూలింది. అందులోని 16 మందీ మరణించారు. కాల్పుల వివరాలు రాబిన్సన్ తన పై అధికారులకు ఇచ్చిన నివేదికలోనివి. నిప్పంటించడానికే తయారైన తూటాలు, లక్షల ఘనపుటడుగుల హైడ్రోజన్ ఉండి కూడా మూడవ డ్రమ్ము దాకా ఆగవలసి వచ్చింది.

ఇక మోటారు వాహనం సంగతి. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం వరకు కలిసినప్పుడే అంటుకొంటుంది. మూసిన ట్యాంకులో ఆవిరి సాధారణంగా ఇంతకంటె చిక్కగా ఉంటుంది. తూటా తగిలితే రంధ్రం పడి పెట్రోలు కారుతుంది. కారిన పెట్రోలుకు ఎక్కడినుంచో నిప్పు తగిలితే బండి కాలిపోవచ్చు. అది అగ్నిప్రమాదం, విస్ఫోటనం కాదు. డీజిల్ అయితే మరీ కష్టం. మన సినిమాల్లో పేలే సుమోలు డీజిల్ బండ్లే కావడం విశేషం! తెర మీద కనిపించే నిప్పుబంతి కోసం పెట్రోలును విడిగా అమర్చి, కింద చిన్న పేలుడు పదార్థం పెట్టి, తుంపరగా పైకి ఎగజిమ్మి అంటిస్తారు. అంటే గాలి కలపడం, నిప్పు పెట్టడం, తూటా చేయలేని ఈ రెండు పనులనూ సినిమా సాంకేతిక నిపుణులే చేస్తారు.

వాహనాలపై భారీగా కాల్పులు జరిగిన సంఘటనలు చరిత్రలో నమోదై ఉన్నాయి. 1934 మే 23న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఆరుగురు పోలీసులు మాటువేసి, బానీ పార్కర్, క్లైడ్ బారో అనే దోపిడీ జంట ప్రయాణిస్తున్న ఫోర్డ్ కారుపై సుమారు 130 తూటాలు కాల్చారు. ఇద్దరూ అక్కడికక్కడే మరణించారు. కారు జల్లెడ అయింది గాని పేలలేదు, కాలలేదు. ఆ కారు నేటికీ నిలిచి ఉంది, దాని ఒంటి మీది రంధ్రాలను సందర్శకులు చూస్తూనే ఉన్నారు. 1962 ఆగస్టు 22న పారిస్ శివారులోని పెతీ క్లామార్ వద్ద ఫ్రెంచి అధ్యక్షుడు డిగాల్‌పై హత్యాయత్నం జరిగింది. అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇవ్వడాన్ని వ్యతిరేకించినవారు అందుకు పథకం వేశారు. మెషిన్‌గన్ తూటాలు ఆయన సిత్రోయెన్ కారు అద్దాన్ని పగులగొట్టాయి, టైర్లను చీల్చాయి. డ్రైవరు ఆ కారునే వేగంగా నడిపి బయటపడ్డాడు. అధ్యక్షుడికి, ఆయన భార్యకు గాయం కూడా కాలేదు.

ఈ రెండు సంఘటనలూ తరువాత సినిమాలకెక్కాయి. 1967 నాటి ‘బానీ అండ్ క్లైడ్’ చివరి ఘట్టంలో కారు తూటాలతో తూట్లు పడుతుంది, అంతే. 1973 నాటి ‘ద డే ఆఫ్ ద జకాల్’ ప్రారంభంలో డిగాల్ కారు కాల్పుల మధ్యనుంచి ముందుకు సాగిపోతుంది. ఆ రెంటిలోనూ నిప్పుబంతి లేదు.