సర్వర్ ఆగిపోయాక ఏం మిగులుతుంది?

ఆబిడ్స్ అనేది అసలు ఒక కొట్టు పేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మీనియన్ పెట్టిన దుకాణం. దుకాణం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం పేటకి అతుక్కుపోయింది. ఆదివారం వచ్చిందంటే అక్కడి షాపుల షట్టర్లు దిగుతాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, ఎంట్రన్స్ గైడ్లు, అన్నీ పక్కపక్కనే. నేను ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు ఆడే మనిషిని. అయినా ఆ గేముల చరిత్ర గురించి ఆలోచించడానికి నాకు కంప్యూటర్ కంటే ఈ ఫుట్‌పాతే మంచి చోటు.

మామూలుగా చెప్పే చరిత్ర మనకి తెలిసిందే. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు, రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్, అక్షరాలతోనే ఒక లోకం కట్టి అందులోకి పదిమందిని రానిచ్చారు. దాని పేరు మడ్. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. ఈ వరస తప్పేం కాదు. కాకపోతే ఇందులో మన ఊరి మనిషికి కొత్తగా అనిపించే సంగతులు చాలా తక్కువ.

అమీర్ హమ్జా దాస్తాన్‌నే తీసుకోండి. హమ్జా స్నేహితుడు అమర్ అయ్యార్ దగ్గర జంబీల్ అని ఒక సంచీ ఉంటుంది. ఎంత వేసినా నిండదు, ఏది కావాలంటే అది తీయొచ్చు. గేమర్లు దీన్నే ఇన్వెంటరీ అంటారు. మాంత్రికుడు కట్టిన మాయాలోకం తిలిస్మ్. దాన్ని ఛేదించే దారి చెప్పే పలక ఒకటి ఎక్కడో దాగి ఉంటుంది, ముందు అది దొరకాలి. ఇది డంజన్ కాక మరేమిటి? మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు 12 భాగాలు. మణిసిద్ధుడితో కాశీకి బయల్దేరిన పశువుల కాపరి పెట్టే షరతు ఒక్కటే: మజిలీ మజిలీకీ నేనడిగిన వింతకి కథ చెప్పాలి. ప్రయాణం ముందుకు సాగాలంటే కథ పూర్తవాలి.

తర్వాత దాసరి సుబ్రహ్మణ్యం. చందమామలో 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ఆయన రాసిన జానపద సీరియల్స్ 12. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఎప్పుడూ ఇద్దరేసి బయల్దేరతారు, దారిలో ఎవరో ఒకరు కలుస్తూ ఉంటారు, అడవి దాటితే కొండ, కొండ దాటితే ఇంకో గండం. నెల చివర కథ ఎక్కడ ఆగుతుందో అక్కడే పాఠకుడి ఊపిరీ ఆగుతుంది. ఆన్‌లైన్ గేమ్‌లో కొత్త అప్‌డేట్ కోసం ఎదురుచూసే పిల్లలూ, పోస్ట్‌మాన్ కోసం గుమ్మంలో నిలబడ్డ ఆనాటి పిల్లలూ ఒకే జాతి.

తేడా మరి ఎక్కడుంది? చేతిలో ఉంది.

నేను నాలుగేళ్లు ఆడిన ఒక గేమ్ ఉండేది. పేరు అనవసరం. మా గిల్డ్‌లో విజయవాడ, కరీంనగర్, డల్లాస్ నుంచి ఆడేవాళ్లుండేవాళ్లు. రాత్రి పదకొండయ్యాక కోట ముట్టడి. ఒకరోజు నోటీసు పెట్టారు, ఇంకొన్ని వారాల్లో సర్వర్ ఆపేస్తున్నాం అని. ఆపేశారు. నాలుగేళ్ల కత్తులు, కవచాలు, మేం దివిటీలు పెట్టుకున్న ఇల్లు, అంతా పోయింది. నా దగ్గర మిగిలింది తొమ్మిది స్క్రీన్‌షాట్లు.

ఈ అనుభవం మన దేశంలో చాలామందికి ఉంది. పబ్‌జీ రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు గానీ, 2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉంది. అక్టోబర్ 30న సర్వర్లు ఆగాయి. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఒక తరం తన సాయంత్రాలన్నీ గడిపిన చోటు ఒక్క తేదీతో మూతపడగలదని మాత్రం అందరికీ అర్థమైంది.

మూతపడటమే తప్పని నేననను. నాంపల్లి నుమాయిష్ కూడా మూతపడుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్, మామూలుగా జనవరి 1న తెరుచుకుని ఫిబ్రవరి మధ్యలో మాయమవుతుంది. దానికోసం ఎవరూ ఏడవరు. మళ్లీ వస్తుందని తెలుసు, వచ్చేటప్పుడు ఏదో ఒకటి కొని చేత్తో పట్టుకొస్తాం.

చేతిలో ప్రతి ఉంటే ఏమవుతుందో దాస్తాన్ చరిత్రే చెప్తుంది. ఢిల్లీలో ఆఖరి పెద్ద దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ 1928లో పోయాడు. ఆయనతో ఆ కళ కూడా పోయిందనుకున్నారు. కానీ లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ హమ్జా దాస్తాన్‌ని 46 సంపుటాలుగా అచ్చేసి పెట్టింది. వాటిని ఏళ్ల తరబడి వెతికి సేకరించిన షంసుర్ రహ్మాన్ ఫారూఖీ అండతో, 2005లో మహమూద్ ఫారూఖీ దాస్తాన్‌గోయీని మళ్లీ వేదిక ఎక్కించాడు. 77 ఏళ్ల తర్వాత!

దాసరి విషయమూ అంతే. చందమామ ఆ సీరియల్స్ కింద ఆయన పేరు వేయలేదు. చాలామంది పాఠకులకి ఆ పేరు తెలిసింది ఇంటర్నెట్ వచ్చాకే. ఎలా తెలిసింది? సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకున్నవాళ్లు ఉన్నారు, ఆబిడ్స్ లాంటి చోట్ల పాత సంచికలు ఏరుకున్నవాళ్లు ఉన్నారు, వాటిని స్కాన్ చేసి పంచుకున్నవాళ్లు ఉన్నారు. ఆ వెతుకులాటలోనే, ఇంతకీ ఇవి రాసిందెవరు అన్న ప్రశ్న పుట్టింది. పత్రిక వేయని పేరుని పాఠకులు వేశారు.

గేముల్లోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. సిటీ ఆఫ్ హీరోస్‌ని 2012 నవంబర్ 30న ఆపేశారు. దాని సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి కొందరు ఆటగాళ్ల దగ్గర గుట్టుగా నడుస్తోందని 2019లో బయటపడింది. చివరికి 2024 జనవరిలో, హోంకమింగ్ అనే ఆటగాళ్ల బృందానికి కంపెనీయే లైసెన్స్ ఇచ్చింది.

అయితే ప్రతి ఒక్కటే చాలదు. 1997లో, అల్టిమా ఆన్‌లైన్ ఇంకా పరీక్షలో ఉండగా, సృష్టికర్త రిచర్డ్ గ్యారియట్ లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో జనం ముందుకొచ్చాడు. చావకూడని ఆ రాజుని రెయింజ్ అనే ఆటగాడు మంటల మంత్రం వేసి చంపేశాడు. ఈ కథ ఏ ప్రోగ్రామ్‌లోనూ లేదు. అక్కడున్నవాళ్లు చెప్పారు కాబట్టే మనకి తెలుసు. సర్వర్‌ని తిరిగి తెరవచ్చు. ఆ రాత్రిని తిరిగి తెరవలేం. కోట అక్కడే ఉంటుంది, మా కరీంనగర్ కుర్రాడు మైక్‌లో వేసిన కేక ఉండదు.

అందుకే నాకనిపిస్తుంది, మనం చేయాల్సిన పనులు రెండు. డబ్బు పెట్టి కొన్న లోకాన్ని ఆపేసేటప్పుడు, దాన్ని సొంతంగా నడుపుకునే వీలు మాకివ్వండి అని గేమ్ కంపెనీలని గట్టిగా అడగడం ఒకటి. 2024లో ద క్రూ అనే గేమ్ మూతపడ్డాక యూరప్‌లో ఆటగాళ్లు ఇదే డిమాండుతో ఉద్యమం మొదలుపెట్టారు. రెండోది మన చేతిలో పని. మన గిల్డుల కథలు, యుద్ధాలు, అలకలు, పెళ్లిళ్లు, మోసాలు మనమే తెలుగులో రాసిపెట్టుకోవడం. ఎవరు ఏ ఊరి నుంచి ఆడారో, ఏ కోట ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో, తెల్లారి కాలేజీలో ఎలా కునికారో.

మణిసిద్ధుడు చెప్పిన కథలు మనకి దక్కాయంటే, వాటిని దీక్షితులు రాశాడు కాబట్టి. మజిలీ దాటేశాక వెనక్కి వెళ్లడం ఎవరివల్లా కాదు. అక్కడ విన్నది రాసుకుని ఉంటే మాత్రం, ఎప్పుడో ఒక ఆదివారం ఎవరో ఒకరు వంగి దాన్ని చేతిలోకి తీసుకుంటారు.