మందు ఆకుకు అంటుకోవాలంటే: పిచికారీలో జిగురు మందు ఎలా పనిచేస్తుంది, ఎంత కలపాలి?

ఉల్లి, క్యాబేజీ, వరి, చేమ పంటల్లో పిచికారీ చేసేటప్పుడు మీరు గమనించే ఉంటారు. మందు నీళ్లు ఆకు మీద నిలవకుండా ముత్యాల్లా గుండ్రంగా మారి జారిపోతాయి. డబ్బు పెట్టి కొన్న మందు నేలపాలవుతుంది, పురుగు అలాగే ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని మోతాదు పెంచడమో, ఇంకో మందు కొనడమో చేస్తే ఖర్చు పెరుగుతుందే తప్ప ఫలితం ఉండదు. ఇలాంటప్పుడు ముందుగా చూడాల్సింది నీటి బొట్టును.

నీటి బొట్టు గుండ్రంగా ఎందుకు ఉంటుంది?

నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. లోపలి అణువును అన్ని వైపుల నుంచీ పక్క అణువులు లాగుతాయి. పైపొరలోని అణువుకు పైన తోడు ఉండదు, కాబట్టి దాని మీద లోపలివైపు లాగుడే ఎక్కువ. అందుకే నీటి పైపొర బిగించిన తోలులా ఉండి, వీలైనంత ముడుచుకోవాలని చూస్తుంది. దీన్నే తలతన్యత అంటారు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటికి ఇది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. దీనికి తోడు ఉల్లి, క్యాబేజీ ఆకుల మీద ఉండే మైనపు పొర నీటిని అంటుకోనివ్వదు.

జిగురు మందు చేసే పని

షాపుల్లో జిగురు మందు, స్టిక్కర్, స్ప్రెడర్ పేర్లతో దొరికే వాటిలో చాలావాటిలో ఉండేది సర్ఫాక్టెంట్. సబ్బు, సర్ఫ్ పొడి కూడా ఈ కోవలోవే. దీని ప్రతి అణువుకూ ఒక తల, ఒక తోక ఉంటాయి. తల నీటిని కోరుకుంటుంది. తోక నీటికి దూరంగా, నూనె లేదా మైనం వైపు పోవాలని చూస్తుంది. అందుకే నీటిలో కలపగానే ఈ అణువులు పైపొరకు చేరి, తల నీటిలో, తోక గాలిలో ఉంచి నారుమడిలో మొక్కల్లా పక్కపక్కన నిలబడతాయి. ఇలా పైపొరకు చేరి నిలవడమే అధిశోషణం. అక్కడ నీటి అణువుల పట్టు సడలి, తలతన్యత సగానికి పైగా తగ్గుతుంది. ఆకు తగిలిన చోట తోకలు మైనాన్ని పట్టుకోవడంతో బొట్టు పరుచుకుంటుంది.

ఎక్కువ కలిపితే ఎక్కువ లాభమా?

కాదు. నారుమడి నిండాక ఇంకా విత్తనం చల్లినట్లే ఇదీ. పైపొర నిండిపోయాక మిగిలిన అణువులు తోకలు లోపలికి పెట్టుకుని నీటిలోనే గుంపులు కడతాయి. ఆపైన ఎంత పోసినా తలతన్యత దాదాపు తగ్గదు. పైగా నురగ వస్తుంది, మందు ఆకు మీద నుంచి కారిపోతుంది, లేత ఆకులు మాడవచ్చు.

మరీ తక్కువ కలిపినా ఇబ్బందే. అణువులు పైపొరకు చేరడానికి కొంత సమయం కావాలి. నాజిల్ నుంచి వచ్చిన బొట్టు సెకను లోపే ఆకును తాకుతుంది. అంతలో పైపొర నిండకపోతే బొట్టు ఎగిరి కింద పడుతుంది.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

సూది తీసేసిన సిరంజిలో 1 మి.లీ. మామూలు నీళ్లు తీసుకుని, నెమ్మదిగా వదులుతూ బొట్లు లెక్కపెట్టండి. తర్వాత జిగురు మందు కలిపిన నీళ్లతో అలాగే చేయండి. తలతన్యత తగ్గితే బొట్లు చిన్నవై, సంఖ్య పెరుగుతుంది. తర్వాత రెండు రకాల నీళ్లనూ మీ పంట ఆకు మీద ఒక్కో బొట్టు వేసి, ఏది పరుచుకుందో చూడండి. ఈ సిరంజిని వేరే పనులకు వాడకండి.

పాటించాల్సిన జాగ్రత్తలు

• సీసా మీద రాసిన మోతాదునే వాడండి. కొలత కప్పుతో కొలిచి పోయాలి, చేతి అంచనా వద్దు.

• పురుగుమందు, కలుపు మందు లేబుల్ ముందుగా చదవండి. ఇ.సి. రకం ద్రవాల్లో, చాలా గ్లైఫోసేట్ మందుల్లో ఇలాంటి పదార్థాలు ముందే కలిపి ఉంటాయి. లేబుల్ చెప్పకపోతే మళ్లీ కలపనక్కర్లేదు.

• వేపనూనె నీటిలో కలవదు. లీటరు నీటికి 1 గ్రాము సబ్బు పొడిని ముందుగా కొద్ది నీటిలో కరిగించి, నూనెను అందులో బాగా గిలకొట్టి, తర్వాత మిగతా నీరు పోయాలి. నూనె పైకి తేలకముందే పిచికారీ చేయాలి.

• బోరు నీటిలో సున్నం ఎక్కువగా ఉంటే మామూలు సబ్బు తెట్టు కట్టి పనిచేయదు, నాజిల్ మూసుకుపోతుంది. ఆ నీటికి సర్ఫ్ పొడి లేదా షాపులో దొరికే స్ప్రెడర్ మేలు.

• ట్యాంకులో సగం నీరు పోసి, మందు కలిపి, మిగతా నీరు నింపాక చివరగా జిగురు మందు వేసి నెమ్మదిగా కలపండి. అప్పుడు నురగ తక్కువ వస్తుంది.

• కొత్త కలయిక వాడే ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి, రెండు మూడు రోజులు చూడండి. ఆకు మాడకపోతేనే పొలమంతా కొట్టాలి.

• ట్యాంకు కడిగిన నీళ్లు చెరువులో, కాలువలో పోయకండి. చేపలకు ప్రమాదం.

జిగురు మందు పురుగును చంపదు. సరైన మందును సరైన సమయంలో ఎంచుకున్నప్పుడు, అది ఆకు మీద పరుచుకునేలా మాత్రమే సాయపడుతుంది. ఈసారి పురుగు చావలేదని మోతాదు పెంచే ముందు, ఒక్క బొట్టు ఆకు మీద వేసి చూడండి.