విశాఖ రేవు అడుగుజీవుల పరిశీలన: మంగినపూడి తీరానికి ఒక చారిత్రక నేపథ్యం

మంగినపూడి తీరాన కాలికి తగిలేది ఇసుక కంటే ఎక్కువగా కృష్ణానది తెచ్చి పరచిన నల్లని ఒండ్రు. ఈ ప్రాంతంలో సముద్రం లోతు తక్కువ. అందువల్లనే పూర్వం బందరుకు వచ్చిన ఓడలు దూరంగా లంగరు వేసి, సరుకును పడవల మీద ఒడ్డుకు చేర్చేవి. 2023 మే నెలలో ఈ తీరాన, తపసిపూడి వద్ద, కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు లోతు కోసం తవ్వే మట్టిలోని అకశేరుక జీవుల గతి ఏమిటన్న ప్రశ్నకు ఆంధ్రతీరంలో పరిశీలించదగిన పూర్వచరిత్ర విశాఖపట్నం రేవుది.

విశాఖ లోపలి రేవు 1933లో ప్రారంభమైంది. దాని పరిసరాల్లో 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం వెలిశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలో ఈ రేవు కాలుష్యాన్ని అధ్యయనం చేశారు. అడుగు బురదలోని పాలీకీట్లపై వారి పరిశోధన 1983లో ‘మెరైన్ పొల్యూషన్ బులెటిన్’లో వెలువడింది. 1995లో రామన్ 23 ఏండ్ల పరిశీలనను సమీక్షించారు. ఒకే రేవును ఇంతకాలం విడువకుండా గమనించడం ఏ దేశంలోనైనా అరుదు.

నీటి నమూనా ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది. తరువాతి పోటుతో అది మారిపోతుంది. బురదలోని పురుగు, గుల్ల కదిలిపోలేవు కనుక నెలల తరబడి జరిగినదానికి సాక్ష్యంగా మిగులుతాయి. సేంద్రియ వ్యర్థాలు పేరుకొని ప్రాణవాయువు తగ్గినచోట జాతుల సంఖ్య పడిపోతుంది. తట్టుకోగల ఒకటి రెండు జాతులు మాత్రం విపరీతంగా పెరుగుతాయి. అటువంటిదే కాపిటెల్లా కాపిటాటా. కాలిఫోర్నియా రేవుల్లో డొనాల్డ్ రీష్ 1950లలో దీనిని కాలుష్య సూచికగా గుర్తించారు. విశాఖలోనూ అదే పేరు నమోదైంది.

ఆ పేరుకు మూలం మాత్రం అతిశీతల గ్రీన్‌లాండ్. ఆటో ఫాబ్రీషియస్ 1780లో అక్కడి పురుగును వర్ణించారు. ఉష్ణమండల బురదలో దొరికినదానికీ అదే పేరు చెల్లుతుందా? ఒకే జాతిగా భావించినది నిజానికి రూపంలో తేడా తెలియని అనేక సోదర జాతుల సమూహమని గ్రాసిల్ దంపతులు 1976లో నిరూపించారు. కాబట్టి పాత పట్టికల్లోని సంఖ్యలను నమ్మవచ్చు గాని, జాతినామాన్ని తాత్కాలిక గుర్తుగానే చదవాలి. భద్రపరచిన నమూనాలను తిరిగి పరీక్షించవచ్చు. అయితే ఫార్మలిన్‌లో ఉంచినవాటి నుంచి డీఎన్ఏ రాబట్టడం కష్టం.

గణపతి, రామన్‌ల కాలుష్య అధ్యయనం కర్మాగారాలు వచ్చిన తరువాతిది. అందువల్ల అందులో రేవు లోపలికీ వెలుపలికీ పోలిక కుదురుతుంది. కర్మాగారాలకు ముందు, తరువాత అన్న పోలిక కుదరదు. మంగినపూడిలో చిక్కు మరొకటి. 1855 నాటి ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ, ఎగువన నాగార్జునసాగర్ ఏర్పడిన తరువాత నది మోసుకొచ్చే ఒండ్రు తగ్గింది. 1864, 1977 ఉప్పెనలు తీరాన్ని ముంచెత్తాయి. రేవు లేకపోయినా ఈ అడుగునేల స్థిరమైనది కాదు. తవ్వకానికి ముందు ఒక్కసారి తీసిన నమూనాతో ‘పూర్వస్థితి’ని నిర్ణయిస్తే, వరద మార్పును రేవుకు, రేవు మార్పును వరదకు ఆపాదించే ప్రమాదం ఉంది. వరదకాలంలోనూ వేసవిలోనూ, అనేక సంవత్సరాలపాటు, రేవు ప్రభావం సోకని దివిసీమ తీరభాగం నుంచి కూడా బురదను సేకరించినప్పుడే ఆ రెండింటినీ విడదీయడం సాధ్యమవుతుంది.