బీమా క్లెయిమ్ తిరస్కరణ: ముందు ఎవరిని ఆశ్రయించాలి?

క్లెయిమ్ తిరస్కరణకు గురైతే కారణాన్ని లిఖితపూర్వకంగా పొందాలి. సంస్థకు చేసిన ఫిర్యాదు నెలలోగా పరిష్కారం కాకుంటే, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు వివాదాలను రుసుము లేకుండా విచారిస్తారు. ఆ అవార్డుకు సంస్థ కట్టుబడాలి; తృప్తి చెందని పాలసీదారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అయితే కమిషన్‌లో దాఖలైన వివాదాన్ని అంబుడ్స్‌మన్ స్వీకరించరు. అందుకే వరుసక్రమం ముఖ్యం.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కమిషన్‌కు ఇచ్చిన గడువు రెండేళ్లు. పునఃపరిశీలన కోరుతూ సంస్థకు ఎన్ని ఉత్తరాలు రాసినా అది ఆగదు. ఫిర్యాదును నివాస జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. కమిషన్ స్థాయిని నిర్ణయించేది బీమా మొత్తం కాదు, చెల్లించిన ప్రీమియం. జీవిత బీమా పాలసీకి మూడేళ్లు నిండాక సమాచారం దాచారన్న సాకు చెల్లదు. బీమా చట్టంలోని 45వ సెక్షన్ అందుకు ఆధారం.