రిటైరైన పోలీస్, నడుముకి తుపాకీ, ఎదురుగా స్కూలు

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడతా. అమెరికాలో రిటైరైన ఒక పోలీసాయన, చొక్కా కింద తుపాకీ పెట్టుకుని, వేరే రాష్ట్రంలో ఉన్న మనవణ్ణి స్కూలు గేటు దగ్గర దింపాడు. నేరమా, కాదా? ఒక చట్టం పర్లేదన్నట్టు ఉంటుంది, ఇంకోటి జైలంటుంది. రెండూ ఫెడరల్ చట్టాలే!

1990లో అమెరికన్ కాంగ్రెస్ గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ యాక్ట్ తెచ్చింది. స్కూలు నుంచి 1000 అడుగుల లోపు, అంటే దాదాపు 300 మీటర్లు, తుపాకీ ఉండకూడదు. 1992లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో లోపెజ్ అనే పన్నెండో తరగతి కుర్రాడు తుపాకీతో స్కూలుకొచ్చి దొరికిపోయాడు. ఆ కేసులో 1995లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్నే కొట్టేసింది. తుపాకీ హక్కు కోసం కాదండోయ్. రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే అధికారంతో కాంగ్రెస్ ఈ చట్టం చేసింది, స్కూల్లో తుపాకీకీ వ్యాపారానికీ సంబంధమేంటని కోర్టు అడిగింది. 1996లో కాంగ్రెస్ ఒక్క షరతు చేర్చి మళ్ళీ తెచ్చింది: ఆ తుపాకీ రాష్ట్రాల మధ్య వ్యాపారంలో కదిలినదై ఉండాలి. దాదాపు అన్నీ అలాంటివే కదా! బగ్ వస్తే మేం ఒక ఇఫ్ కండిషన్ పెట్టి వదిలేసేవాళ్ళం, అచ్చం అలాగే.

ఇందులో పోలీసులకి మినహాయింపు ఉంది, కానీ అధికారిక విధుల్లో ఉంటేనే.

2004లో లియోసా వచ్చింది. (1990 చట్టం మీద సంతకం తండ్రి బుష్‌ది, దీని మీద కొడుకు బుష్‌ది.) డ్యూటీలో లేని, రిటైరైన పోలీసులు ఏ రాష్ట్రంలోనైనా తుపాకీ దాచి పెట్టుకోవచ్చు. రిటైరైనవాళ్ళకి మొదట 15 ఏళ్ళ సర్వీసు కావాలన్నారు, 2010లో 10కి తగ్గించారు. ఏటా షూటింగ్ పరీక్ష పాసవ్వాలి.

మెలిక ఇక్కడుంది. లియోసా పక్కన పెట్టింది రాష్ట్ర, స్థానిక చట్టాలనే. ఫెడరల్ స్కూల్ జోన్ చట్టం జోలికి వెళ్ళలేదు. స్కూలున్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటే సరే, పక్క రాష్ట్రం తాతగారికి అది ఎక్కడిది? శిక్ష 5 ఏళ్ళ దాకా ఉండొచ్చు. సిటీలో కారు నడిపితే 300 మీటర్ల వలయం తగలకుండా ఉంటుందా?

ఈ కన్నం పూడ్చే బిల్లులు కాంగ్రెస్‌లో చాలాసార్లు పెట్టారు. నాకైతే రోడ్డు మీద వెళ్ళేవాణ్ణి నేరస్థుణ్ణి చేయడం అన్యాయమనిపిస్తుంది. కానీ గేటు లోపల సంగతి వేరు. కాల్పులు జరిగే చోట మామూలు బట్టల్లో తుపాకీ పట్టుకున్న మనిషి పోలీసో, హంతకుడో, అప్పుడే వచ్చిన పోలీసుకి ఎలా తెలుస్తుంది?

ఈలోగా తాతగారికి దారి లేకపోలేదు. తుపాకీలో తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టుకుంటే స్కూల్ జోన్ చట్టం ఒప్పుకుంటుంది.