కూలి పెరిగితే పని పోతుందా?

హనుమాన్ జంక్షన్ అనగానే 2001 నాటి సినిమా గుర్తుకు వచ్చే మిత్రులకు ఒక మాట: అది నిజంగా ఉన్న ఊరే. విజయవాడ-ఏలూరు రహదారిని నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు. ఒకవైపు మామిడి తోటల మెట్ట, మరోవైపు కాలువ కింది మాగాణి. ఊడ్పుల రోజుల్లో మెట్ట పల్లెల ఆడకూలీలు ఆటోలలో మాగాణికి దిగిపోతుంటారు. కూలి చరిత్ర చదవదలచినవారికి ఇంతకన్న అనువైన కూడలి దొరకదని నా అభిప్రాయం.

"చట్టం కూలి పెంచితే పనులే ఉండవు" అన్న మాట చిన్ననాటి నుంచి వింటున్నాను. అర్థశాస్త్రపు తొలి పాఠమూ అదే: ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. కాని ఆ పాఠం వెనుక ఒక ఊహ ఉంది. కొనేవారు అనేకులు, వారిలో ఎవరికీ ధరను శాసించే శక్తి లేదు అన్నది ఆ ఊహ. డెల్టా పల్లె ఎన్నడైనా అటువంటి సంతగా ఉన్నదా?

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక నీటితోబాటు వరి విస్తరించింది. ఒకేసారి వందల చేతులు కావలసిన ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్లు వచ్చాయి. భూమి కొందరిది, చేతులు అనేకులవి. పాలేరుకు ఏడాది జీతం ధాన్యంలో. రోజుకూలి పెద్ద ఆసాములు తమలో తాము అనుకొన్నంత. కొనేవారు కొద్దిమందే అయిన ఇటువంటి సంతను జోన్ రాబిన్సన్ 1933లో సిద్ధాంతీకరించింది. ఇక్కడ ఇంకొక కూలీని ఎక్కువ ఇచ్చి పిలిస్తే అందరికీ అంతే ఇవ్వవలసి వస్తుంది. అందుకని ఆసామి కొంత పనినైనా వదులుకొంటాడు గాని కూలిని పెంచడు. పెంపు పైనుంచి వచ్చిపడితే లెక్క మారుతుంది. ఎటూ అందరికీ అంతే ఇవ్వాలి కనుక ఇంకొకరిని పిలవడానికి జంకు ఉండదు, వచ్చేవారూ పెరుగుతారు. పెంపు హద్దు దాటితే మాత్రం పని తగ్గుతుంది.

1948 కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. సంతోషమే! కాని పొలం గట్టు మీద హాజరుపట్టీ ఏది? గెజెట్‌లో కూలి ఒకటి, గట్టు మీద మరొకటి. పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు కట్టిన వ్యవసాయ కూలి సంఘాలు బలంగా ఉన్నచోట కొంత కదలిక వచ్చింది. తక్కినచోట చట్టం కాగితమే. ఇవ్వని కూలి వల్ల పని పోయిందని వాదించడం నాకెప్పుడూ వింతగానే తోచింది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల వంతు చివరి విడతలో, 2008 ఏప్రిల్‌లో వచ్చింది. అది కనీస వేతన చట్టం కాదు. అయినా ఆ చట్టం చేయలేని పని ఇదే చేసింది. "ఆ కూలికి రాను" అనడానికి కూలీకి ఒక ఆధారం దొరికింది. పైగా ఆడకూలికీ మగకూలికీ ఒకే లెక్క. డెల్టాలో ఇది చిన్న విషయం కాదు.

ఫలితమేమిటి? పథకం చెల్లింపులను స్మార్ట్ కార్డులతో చక్కదిద్దినప్పుడు, ఏ మండలానికి ముందు ఇవ్వాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల 157 మండలాలలో చీటీలు వేసినట్లు నిర్ణయించారు. మన కృష్ణా జిల్లా అందులో లేదు. ముందు అందుకొన్న మండలాలను తక్కినవాటితో పోల్చి మురళీధరన్, నీహౌస్, సుఖ్తాంకర్ చేసిన పరిశోధన 2023లో అచ్చయింది. పథకంలోని కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి సంపాదన. బయట కూలి పెరిగింది, పనీ పెరిగింది! భూమి కొద్దిమంది చేతిలో ఉన్న ఊళ్లలో పని మరింత పెరిగింది. తగ్గినది భూమి మీద రాబడి.

ఆ చివరి మాట దగ్గర మన డెల్టా గుర్తుకు వస్తుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టని ధర, మురుగునీటి ముంపులతోబాటు కూలి ఖర్చునూ కారణంగా చూపారు. వారి బాధ అబద్ధం కాదు. కాని డెల్టాలో సాగుచేసేవారిలో కౌలుదార్లు ఎందరో! కౌలు బస్తాల లెక్కన ముందే ఖాయం. పెరిగిన కూలి భూస్వామి రాబడిని తాకకముందే కౌలుదారు నడుము విరుస్తుంది. తగవు కూలీకీ కౌలుదారుకూ మధ్య నడుస్తుంది. కౌలు రేటు ఊసెత్తేవారు తక్కువ. అదే 2011లో కౌలుదార్లకు రుణార్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది, కౌలు మాత్రం తగ్గించలేదు.

కోత యంత్రాలు వచ్చాయి, ఊడ్పులు మాని వెదజల్లుతున్నవారూ ఉన్నారు. ఆ మేరకు ఆసాముల మాట నిజమే, ఆ పనిదినాలు పోయాయి. కాని కూలి ఒక్కటే కారణమనలేం: కోతవేళ వాన మబ్బు చూసిన రైతుకు యంత్రపు వేగమే ముఖ్యం.

1948 చట్టం 2025 నవంబరు 21న వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. మరుసటి నెలలో ఉపాధి హామీ స్థానే పార్లమెంటు కొత్త చట్టం చేసింది. హామీ దినాలు 100 నుంచి 125కు పెరిగాయి. అయితే విత్తే, కోసే కాలంలో ఏడాదికి 60 రోజుల వరకు ఆ పనులు నిలిపివేయాలన్నది అందులోనే ఉంది. మాగాణిలో కూలి బేరం జరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే.